రక్తములోని జ్ఞాపకము

హైదరాబాదు నగరమున నారాయణగూడయందు నివారణ వైద్య సంస్థ అను ప్రభుత్వ సంస్థ కలదు. గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులకు అది కుక్కకాటుకు సూదులు వేయు చోటుగా చిరపరిచితము. కుక్క కరచినవానికి ఒక్క సూదితో సరిపుచ్చక, కొన్ని దినముల ఎడముతో మరల మరల ఏల వేయుదురు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో, 2021వ సంవత్సరమున ఈ నగరములోనే తలయెత్తిన మరియొక పెద్ద ప్రశ్న కూడ సుబోధమగును.

తెలంగాణములో మొదటి కరోనా రోగి 2020 మార్చి 2వ తేదీన బయటపడెను. గాంధీనగర్‌కు దాపుననే ముషీరాబాదులో నున్న గాంధీ ఆసుపత్రిలో ఆ రోగికి చికిత్స జరిగెను. మరుసటి సంవత్సరము జనవరి 16వ తేదీన దేశమంతటను టీకాలు వేయుట ఆరంభమయ్యెను. కాని వేసవిలో వ్యాధి రెండవసారి విజృంభించినప్పుడు టీకాలు చాలలేదు. అప్పటికే ఎందరో వ్యాధి సోకి కోలుకొనియుండిరి. నగరములోని 30 వార్డులలో సుమారు 9,000 మందిని పరీక్షింపగా, నూటికి 54 మంది రక్తములో కరోనా ప్రతిరక్షకము లున్నట్లు ఆ మార్చిలోనే వెల్లడియై యుండెను. వారిలో పెక్కుమందికి తమకు వ్యాధి సోకిన సంగతియే తెలియదు! ఇట్టివారికి కూడ రెండు మోతాదులు వేయవలెనా, లేక ఒకటి చాలునా? ఒక మోతాదు మిగిలినచో అది ఏమియు పొందని మరియొకరికి దక్కును గదా.

టీకాను కవచముతో పోల్చుట వాడుక. అది అంత తగిన పోలిక కాదు. కవచము దెబ్బలు తిని నేర్చుకొనదు, శరీరము నేర్చుకొనును. వైరస్ పైభాగమున ముండ్లవంటి మాంసకృత్తు లుండును. వాని ఆకారమును గుర్తించి అంటుకొను పదార్థములే ప్రతిరక్షకములు. రక్తములోని బి-కణములు వానిని తయారుచేయును. కొన్ని మాసములకు ప్రతిరక్షకములు తగ్గిపోవును. కాని కొన్ని బి-కణములు జ్ఞాపకకణములై నిలిచియుండును. అదే ఆకారము మరల ఎదురైనచో అవి త్వరితముగా వృద్ధిచెంది, మునుపటికంటె ఎక్కువగాను, మేలైనవిగాను ప్రతిరక్షకములను పుట్టించును. సూదులు పలుమార్లు వేయుటలోని రహస్య మిదియే.

గచ్చిబౌలిలోని ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులు, 2021 ఆరంభములో టీకా పొందిన 260 మంది ఆరోగ్య కార్యకర్తల రక్తమును పరీక్షించిరి. అంతకు పూర్వము వ్యాధి సోకినవారిలో ఒక్క మోతాదుకే, వ్యాధి సోకనివారికంటె ఎక్కువ ప్రతిరక్షకములు కనబడెను. వారి శరీరమునకు వ్యాధియే మొదటి పాఠము, టీకా రెండవది. కొరత తీరువరకు అట్టివారికి ఒక్క మోతాదు చాలునని ఆ వైద్యులు సూచించిరి. ప్రభుత్వము మాత్రము అందరికిని రెండు మోతాదుల పద్ధతినే కొనసాగించెను. ఎవరికి వ్యాధి వచ్చిపోయినదో పలువురికి తెలియనే తెలియనప్పుడు, ఆ నిర్ణయమును తప్పుపట్టుట కష్టము.

ఇంతలో వైరస్ రూపము మారెను. 2021 నవంబరులో ఒమిక్రాన్ అని పేరు పెట్టబడిన రూపాంతరమున, ఆ ముండ్ల మాంసకృత్తులో 30కి పైగా మార్పు లుండెను. పలకపై గురువు చేవ్రాతనే చదువ నేర్చిన బాలునికి, ఒక్కసారిగా కరణముగారి గొలుసుకట్టు వ్రాత చూపినట్లయ్యెను. పాత ప్రతిరక్షకములలో పెక్కు దానిని గుర్తింపజాలకపోయెను. టీకా పొందినవారికి కూడ జ్వరములు వచ్చెను. అయినను వారిలో ప్రాణాపాయస్థితికి వచ్చినవారు తక్కువ. ఆకారము మారినను మారని భాగములు కొన్ని యుండును. జ్ఞాపకకణములును, సోకిన కణములను చంపు టి-కణములును వానిని పట్టుకొనెను.

టీకా తరువాత వ్యాధి సోకినవారి ప్రతిరక్షకములు, టీకా మాత్రమే పొందినవారి వానికంటె ఎక్కువ రూపాంతరములను గుర్తించెను. పలువురి చేవ్రాతలు చూచినవాడు కొత్త వ్రాతను సులభముగా చదువును గదా! దీనిని విని, వ్యాధి తెచ్చుకొనుటయే మేలని తలచినవారును లేకపోలేదు. ముందు వ్యాధి వచ్చినను, ముందు టీకా వేసికొన్నను తుదకు చేరు స్థితి ఇంచుమించు సమానమే; కాని ఆ మొదటి పాఠమునకు చెల్లించు మూల్యము సమానము కాదు. 2020లో ఏ టీకాయు లేక గాంధీ ఆసుపత్రి పడకలపై ఊపిరాడక బాధపడినవారు చెల్లించినది ఆ మూల్యమే.

మొదట నేర్చిన పాఠమునకు మరియొక గుణము కలదు. కొత్త రూపము ఎదురైనప్పుడు, దానికి తగిన కొత్త కణములకంటె ముందుగా పాత జ్ఞాపకకణములే పరుగెత్తివచ్చును. అవి రెండు రూపములకును సమానమైన భాగములకే ఎక్కువగా స్పందించును; కొత్త భాగములు కొంత ఉపేక్షింపబడును. ఇన్‌ఫ్లుయెంజా విషయమున ఈ సంగతిని అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ ఫ్రాన్సిస్ 1960లో వివరించెను. ఈ కారణముచేతనే 2023 మే మాసమున ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాసంఘము, కొత్త కరోనా టీకాలలో వైరస్ యొక్క ఆదిరూపమును చేర్చుట మానవలెనని సూచించెను.