మీకు తెలుసా? ఫోను నాన్న జేబులో, పాఠం గాలిలో

• కరోనా ఏడాది తెలంగాణ సర్కారు బడుల పిల్లలకు టీవీ పాఠాలు మొదలైంది 2020 సెప్టెంబర్ 1న. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో వచ్చేవి. సార్లు, మేడమ్‌లు మాత్రం ఆగస్టు 27 నుంచే బడికి వచ్చారు. పిల్లల్లేని బడిలో పంతుళ్లు, పంతుళ్లు లేని ఇళ్లలో పిల్లలు!

• ఆ పాఠాలు 3 నుంచి 10వ తరగతి వరకే. సూర్యాపేటలోనో కోదాడలోనో ఆ ఏడు ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల సర్కారు బడి గదిలో కూర్చునేసరికి 2021 సెప్టెంబర్ 1 వచ్చింది. అప్పటికి ఆమె రెండో తరగతి. అ ఆలు ఎవరు దిద్దించినట్టు?

• టీవీని ఎంచుకోవడం తెలివితక్కువ పనేమీ కాదు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో ఇంటర్నెట్ ఉన్న ఇళ్లు నూటికి 15, కంప్యూటర్ ఉన్నవి 5 కూడా లేవు. కానీ కరెంటు పోతే టీవీ పాఠం ఆగదు, వెళ్లిపోతుంది. మళ్లీ చూడాలంటే టీ-శాట్ యాప్ ఉంది. దానికి ఫోను కావాలి, ఫోనుకు డేటా కావాలి.

• ఫోను ఇంట్లో ఉంటే సరిపోతుందా? ‘అసర్’ సర్వే 2021లో ఇదే అడిగింది. బడి ఈడు పిల్లలున్న పల్లె ఇళ్లలో 67.6 శాతం చోట్ల స్మార్ట్‌ఫోన్ ఉంది. అలాంటి ఇళ్లలోనూ నాలుగో వంతు పిల్లలకు అది చేతికి దొరకదు. మిర్యాలగూడ వైపు చూస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు. రైస్ మిల్లులో హమాలీ పనికి పోయే నాన్న ఫోను ఇంట్లో వదిలిపోతాడా? మేస్త్రీ పిలుపు, లారీ కబురు అన్నీ అందులోనే. ఆయన తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది, చార్జింగ్ అడుగంటుతుంది. అప్పుడు తొమ్మిదో తరగతి అన్న, ఏడో తరగతి చెల్లె ఆ ఒక్క ఫోను కోసం వంతులు వేసుకోవాలి. వంతు ముందు ఎవరికి పోతుందో చాలా ఇళ్లలో చెప్పనక్కర్లేదు. సర్వేలో మాత్రం ఆ ఇల్లు ‘ఫోనున్న ఇల్లు’.

• దామరచర్ల వైపు తండాల పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు టీవీ పాఠంలో మాట అర్థం కాకపోతే ఆపి అడగడానికి మనిషి లేడు.

• 1937లో పోలియో భయంతో షికాగో బడులు మూసి, 3 లక్షలకు పైగా పిల్లలకు రేడియోలో పాఠాలు చెప్పారు. రేడియో సరిగా వినపడని ఇళ్ల గోల అప్పుడూ ఉంది!

• మన దగ్గర ఇంకో పాత ముచ్చట. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు అందాయి. పొద్దున గంటన్నర బడి పిల్లలకే. ఊరికి ఒకటే టీవీ, అదీ అందరూ చేరే చోట. ఎవరి ఇంట్లోనూ లేదు కాబట్టి ఎవరి పిల్లలైనా చూడొచ్చు. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కి తీసుకుంది.

• కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడి సర్కారు 2022 డిసెంబర్ 21న 8వ తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. పాఠాలు ముందే అందులో నింపి ఇచ్చారు, నెట్ లేకున్నా నడుస్తాయి. ఆ పాఠాల నాణ్యత మీద వాదాలు ఎన్నైనా ఉండొచ్చు. నాకు నచ్చింది ఒక్కటే: అది పిల్ల పేరు మీద ఇచ్చిన వస్తువు, నాన్న వెంట మిల్లుకు పోదు.