బోల్టు తలమీది అక్షరము

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఫోర్డు కర్మాగారములలో తయారైన జీపు, అనగా జి.పి.డబ్ల్యు. అను నమూనా, నేడు అమెరికాలో ఏ పాత కొట్టములోనో కంటబడినప్పుడు, పాతబండ్లయందు మోజుగల మనుష్యుడు మొట్టమొదట చూచునది ఇంజనును కాదు, చక్రములను కాదు. బురదయు తుప్పును పేరుకొన్న బోల్టుల తలలను ఇనుపబ్రష్షుతో గీకి, వానిమీద 'ఎఫ్' అను చిన్న ఆంగ్లాక్షరమున్నదా లేదా అని పరికించును. ఉన్నచో సంతోషము, ఆవెంటనే దిగులు. ఏలయన ఎనుబదేండ్లుగా కదలని ఆ బోల్టును కోయక, విరువక, తలకోణములు అరగనీయక ఊడదీయవలసియుండును.

ఒహాయోలో నేను మరమ్మతువిద్య చెప్పు తరగతిలో ఒక కుర్రవాడు, ఈ గొడవంతయు దేనికి, గ్రైండరుతో కోసిపారవేసి క్రొత్త బోల్టు వేసినచో ఏమి పోయినది అని అడిగెను. ప్రశ్న సమంజసమైనదే. సమాధానము చెప్పుటకు 1940వ సంవత్సరమునకు పోవలెను.

ఆ యేడు జూలైలో అమెరికా సైన్యము ఒక చిన్న నిఘాశకటము కావలెనని 135 సంస్థలకు పిలుపంపి, నమూనా బండికి 49 దినముల గడువు విధింపగా, నిజముగా ముందుకు వచ్చినవి రెండే: పెన్సిల్వేనియాలోని బట్లరు పట్టణమున దివాలా అంచున నున్న బాంటం సంస్థయు, టొలీడో నగరపు విల్లీస్-ఓవర్‌లాండ్ సంస్థయు. బాంటం పక్షమున కార్ల్ ప్రోబ్‌స్ట్ అను ఇంజనీరు రెండుదినములలో చిత్రణము ముగించెను. సెప్టెంబరు 23న, గడువునకు అరగంట ముందు, బండి మేరీలాండులోని హోలబర్డ్ శిబిరమును చేరెను. అయినను చిన్నసంస్థ అన్ని బండ్లు చేయలేదని సైన్యము ఆ చిత్రణమును విల్లీసుకును ఫోర్డుకును చూపెను. న్యాయమా అన్నచో, నాకు ఇప్పటికిని కాదనియే తోచును. విల్లీసు ఇంజను 60 అశ్వశక్తితో మేటియే గాని, బండి బరువు 2,160 పౌండ్ల పరిమితిని మించెను. అప్పుడు ఆ సంస్థ ఇంజనీరు డెల్మర్ రూస్ బండిని తునకతునకలుగా విప్పించి, ప్రతిభాగమును తూచి, నట్టు దాటి పొడుచుకొనివచ్చిన బోల్టుకొనలను సైతము కత్తిరింపించి, పూసిన రంగు మందమును గూడ లెక్కలోనికి తీసికొని, ఎట్టకేలకు బండిని పరిమితిలోనికి దించెను. నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమిది. 1941లో విల్లీసు గెలిచెను. కాని ఒక్క కర్మాగారము చాలకపోవుటచే అవే చిత్రణములతో ఫోర్డు సైతము బండ్లు చేయవలసివచ్చెను. ప్రత్యర్థి బండిని చేయవలసిన ఫోర్డు మొదట వెనుకపలకపై తన పేరు ముద్రించుకొనెను; 1942లో సైన్యము దానిని మాన్పించెను; బోల్టులపై 'ఎఫ్' మాత్రము నిలిచెను. అందుచేత ఆ బోల్టు పోయినచో బండికి సాక్ష్యము పోయినట్లే.

ఇక అది కదలకపోవుటకు కారణము. జీపు చక్రపు బోల్టు అరంగుళము లావు, అంగుళమునకు ఇరువది మరలు. ఒక్క చుట్టు తిరిగినచో దాని అంచు 40 మిల్లీమీటర్ల దూరము నడచును గాని, నట్టు ముందుకు జరుగునది 1.27 మిల్లీమీటర్లే, అనగా ఈ వాలు ముప్పదింట ఒకపాలు. ఉక్కుకును ఉక్కుకును నడుమ ఘర్షణ ఏడింట ఒకపాలు దరిదాపుననుండును గనుక, నట్టు తనంతట తాను వెనుకకు జారదు. బిగింపు నిలుచునది ఈ తేడామీదనే. ఆ మరల సందులోనికి నీరును గాలియు చేరినప్పుడు ఇనుము తుప్పుగా మారి, తాను మునుపున్న చోటుకంటె రెండింతలు మొదలు ఆరింతలవరకు చోటు కోరును. కోరిన చోటు లేదు. కావున మరను మర నొక్కుకొనును. శీతకాలమున మంచు కరగుటకు ఇచ్చటి రోడ్లపై చల్లు ఉప్పు ఈ పనిని ఇంకను త్వరపరచును.

పానాకు పొడవాటి గొట్టము తొడిగి బలముకొలది లాగుట అందరికి మొదట తోచు ఉపాయము; బోల్టులు తెగుట కూడ ఎక్కువగా దానివలననే. అదిగాక, ఈ జీపులలో ఎడమవైపు చక్రముల నట్లకు ఎడమ మర యుండును. వానిని గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రిప్పినగాని ఊడవు. ఇది యెరుగక బిగించు దిక్కునకే బలము ప్రయోగించి, తుప్పైనను లేని బోల్టును తెగగొట్టిన బలశాలురు పెక్కుమంది.

పనికివచ్చునది నూనె, అంతకంటె కాలము. వత్తిలోనికి ఆముదము ఎక్కునట్లే నూనె మరసందులోనికి ఎక్కును. నట్టు లోపలి దారి దాదాపు తొమ్మిది చుట్ల మెలికదారి. 1921లో ఎడ్వర్డ్ వాష్‌బర్న్ అను అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు ఈ ప్రవేశమునకు ఒక సూత్రము చెప్పెను: చొచ్చుకొనిపోవు లోతు కాలముయొక్క వర్గమూలమును అనుసరించును. ఒక గంటలో ఒక మిల్లీమీటరు పోయినదనుకొన్నచో, రెండవది ముగియుటకు మొదటినుండి నాలుగు గంటలు, మూడవదానికి తొమ్మిది గంటలు కావలెను. సాయంత్రము నూనె పోసి అరగంటకే పానా పట్టువాడు ఓడుటకును, రాత్రి పోసి, మరునాడు మరల పోసి, మూడవనాడు పట్టువాడు గెలుచుటకును రహస్యమిదియే. ఇంకొక విశేషము: తలతన్యత తక్కువగుటయే గొప్పయని డబ్బాలు చాటుకొనును గాని, వాష్‌బర్న్ సూత్రములో తలతన్యత నూనెను లోనికి లాగు పక్షముననే యున్నది, అది తగ్గుటవలని లాభము ఉక్కును చక్కగా తడుపుటవరకే. నడకను నిజముగా అడ్డునది చిక్కదనము. అందుకే షెడ్డులలో కొందరు ఆటోమేటిక్ గేరుపెట్టె నూనెలో అసిటోను కలిపి వాడుదురు. అవి రెండును కలిసియుండవు గనుక పోయుచున్నంతసేపును సీసాను ఆడించుచునే యుండవలెను, నిప్పునకు దూరముగా.

నూనె పోయుచు నడుమనడుమ బోల్టు తలపై సుత్తితో నిలువుగా చిన్నదెబ్బలు వేయుదురు. తుప్పు పెళుసు, దెబ్బకు చిట్లును, చిట్లినచోట నూనెకు దారి యేర్పడును. అంతకంటె సూక్ష్మమైన సంగతి మరియొకటి కలదు: ఘర్షణ జారుచున్న దిక్కునకే ఎదురునిలుచును, కావున ఒక దిక్కున వస్తువు అదరుచున్నంతసేపు ఇంకొక దిక్కున స్వల్పబలమే దానిని కదల్చును. అడ్డముగా అదరించినచో బిగించిన నట్లు వాటంతట అవే వదులగునని 1969లో గెర్హార్డ్ యుంకర్ అను జర్మను ఇంజనీరు ప్రయోగముతో చూపెను. కదలిక తెలియునది మొదట చెవికి: ఘణఘణమను దెబ్బ ఒకచోట మందగించును, పిదప నట్టు అంచున ఎర్రని నూనె చెమర్చును. అప్పుడైనను ఊడదీయు దిక్కునకే లాగరాదు. పావుచుట్టు వెనుకకు, అరపావుచుట్టు ముందుకు, మరల నూనె.

నూనె ఓడినచోట అగ్ని. అరంగుళపు నట్టును 300 డిగ్రీలు వేడిచేసినచో దాని రంధ్రము మిల్లీమీటరులో దాదాపు ఇరువదవవంతు పెరుగును, బోల్టు చల్లగా నున్నచో. వేడి నట్టుకు కొవ్వొత్తి తాకించినచో మైనము కరగి లోనికి పోవును. (జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు ఆసనము క్రిందనే యున్నదని మరువరాదు.)

ఇంతకంటె చమత్కారమైనది ఇంజను దిమ్మెలో తెగిపోయిన బోల్టును తీయు విధము. తెగిన మొండెముపై ఒక నట్టును వెల్డింగు చేయుదురు. మొండెము ఎర్రబడును, ఉబ్బవలెనని చూచును, కాని చుట్టునున్న చల్లని పోతయినుము ప్రక్కలకు చోటీయదు. ఎర్రని ఉక్కు మెత్తనిది గనుక ప్రక్కలకు ఉబ్బలేక నిలువునకు సాగును. చల్లారునప్పుడు మాత్రము అన్ని దిక్కులకును ముడుచుకొనును. వెరసి మునుపటికంటె రవంత సన్నగిల్లి తుప్పుపట్టును విడుచును. బోల్టును వేడిచేసిన ఉబ్బి ఇంకను బిగియునను లోకోక్తి అది ఎర్రగా నున్న క్షణమునకే చెల్లును.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. యుద్ధము ముగియుచుండగా విల్లీసు పౌరులకై సి.జె.2ఎ. జీపు తెచ్చెను, 1947లో బొంబాయిలో మహీంద్రావారు జీపుల కూర్పు మొదలిడిరి, బాంటం యుద్ధకాలమున ట్రెయిలర్లు చేసికొనెను. ఇక బోల్టుల మరల సంగతి: 1864లో ఫిలడెల్ఫియా ఇంజనీరు విలియం సెల్లర్స్ ప్రతిపాదించిన 60 డిగ్రీల మరకును బ్రిటనులోని విట్‌వర్త్ 55 డిగ్రీల మరకును గల వైరము, యుద్ధములో ఒకరి నట్టు ఒకరికి పట్టక పడిన పాట్ల పిమ్మట, 1948 నాటి ఏకీకృత మరతో సమసెను. 1953లో శాన్ డియాగోలో నలుబదవ ప్రయత్నమున కుదిరిన డబ్ల్యు.డి.40 అను నూనె క్షిపణికవచముల తేమను తొలగించుటకు పుట్టినది. మెకానిక్కులు దానిని తమ పనికి మలచుకొనిరి.

ఊడిన బోల్టును మరల వేయునప్పుడు రాగిపొడియో నికెలుపొడియో కలిసిన గ్రీజు మరలకు పూయుదురు. సాధారణముగా పానామీది బలములో సగము నట్టు అడుగుననే ఘర్షణకు వ్యయమగును, దాదాపు నలుబదివంతులు మరలలో పోవును, నూటికి పదియే బోల్టును సాగదీసి బిగింపగును. గ్రీజు పూసినచో ఆ పదివంతులు పెరుగును. కనుక పుస్తకములో పొడిమరకు చెప్పిన బలముకంటె తగ్గించి బిగింపవలెను, లేనిచో బోల్టు సాగి తెగును.