యంత్రం ఎవరిది? కూలి ఎవరికి?

మాచర్ల దగ్గర చంద్రవంక వాగు పైనుంచి దూకే చోటు ఎత్తిపోతల. చూడవచ్చినవారికి అది జలపాతం. రైతు నోట మాత్రం ఎత్తిపోతల అంటే పల్లంలోని నీటిని మెరకకు తోడి పారించడం. ఒకప్పుడు ఆ పని ఏతాం, మోట చేసేవి. మోటకు జత ఎడ్లు, తోలే మనిషి ఉండాల్సిందే. ఆయిలింజను, ఆ తర్వాత కరెంటు మోటారు వచ్చాక ఆ పని పోయింది. మోటారు మంచిదే. కానీ ముందుగా అది పెట్టుబడి ఉన్నవాళ్ల బావుల మీదే కూర్చుంది.

ఇప్పుడు వరికోత మిషను, మందు కొట్టే డ్రోను వచ్చాయి. వీటిని ఆపమనడం కుదిరే పని కాదు, అవసరమూ లేదు. అవి ఎవరి చేతికి వస్తున్నాయి, పోయిన కూలికి బదులేమిటి అని సర్కారును అడగాలి.

ఒకే ఇంట్లో లాభం, నష్టం

చిన్న రైతుకు రెండు ముఖాలున్నాయి. తన ఎకరం రెండెకరాల్లో ఆసామి, పక్కవారి చేలో కూలి. మిషను ఎకరం వరిని ఇంచుమించు గంటలో కోసి, నూర్చి గింజ చేతికిస్తుంది. మనుషులైతే కోత, కుప్ప, నూర్పిడి కలిపి పదిమందికి పైగా కావాలి. రెండెకరాల రైతుకు తన చేలో ఖర్చు తగ్గుతుంది, వానకు తడిసే భయం తగ్గుతుంది. కానీ అదే ఇంట్లో మనిషి సీజనంతా ఇతరుల చేలల్లో చేసుకునే కోత పని పోతుంది. మిగిలింది ఎంత, పోయింది ఎంత? రెండూ పక్కపక్కన రాసుకుంటేగాని అసలు లెక్క తేలదు. మిషను వెనక చెల్లాచెదురయ్యే గడ్డిని కట్టలు కట్టించడానికి మరో ఖర్చు. పాడి ఉన్నవారు దీన్నీ లెక్కలో వేసుకోవాలి.

మిరప సంగతి వేరు. కాయ కోతకు ఇప్పటికీ చేతులే దిక్కు. సీజనులో కర్నూలు వైపు నుంచి ముఠాలు పల్నాడుకు వస్తాయి. అంటే ఒకే మండలంలో ఒక పంటకు కూలీలు దొరకరు, మరో పంటకు కూలీలకు పని దొరకదు.

ఉమ్మడి మోటారు నేర్పిన పాఠం

ఒక్కడి వల్ల కాని మోటారును నలుగురికీ కలిపి పెట్టించినవే ప్రభుత్వ ఎత్తిపోతల పథకాలు. నడిచినచోట చిన్న కమతాలకూ నీరందింది. చాలాచోట్ల మాత్రం మోటారు కాలితే బాగుచేయించే డబ్బు లేక, బాధ్యత తీసుకునే మనిషి లేక మూలనపడ్డాయి. ఉమ్మడి యంత్రానికి కొనుగోలు రాయితీ ఒక్కటే చాలదన్నమాట. మరమ్మతు నిధి, ఊళ్లోనే మెకానిక్కు, అద్దెల లెక్క గోడ మీద రాసి ఉండాలి.

2022 నుంచి డ్రోనులకూ కేంద్రం రాయితీ ఇచ్చింది. చిన్న, సన్నకారు రైతుకు సగం ధర, 5 లక్షల రూపాయల వరకు. మిగతా సగం ఎకరం రైతు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అందుకే సంఘానికి ఇవ్వడమే నయం. 2023 నవంబరులో ఆమోదించిన డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలను లెక్కలోకి తీసుకుంది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సాయం, 15 రోజుల శిక్షణ. దారి మంచిదే. కానీ పైలట్ సర్టిఫికెట్టుకు పదో తరగతి పాసవ్వాలి. కలుపు తీసే అక్కచెల్లెళ్లలో ఎంతమందికి ఆ చదువుంది? కూలి పోయేది ఒకరికి, కొలువు వచ్చేది మరొకరికి కాకూడదు. మందు కలపడం, బ్యాటరీలు మార్చడం, చేను గుర్తించడం వంటి సహాయకుల పనులు ముందు వీరికే ఇవ్వాలి. కౌలు కార్డు ఉన్నవారికీ యంత్రం అద్దెకు అందాలి. ఎకరం చెక్కలను వరుస కట్టి ఒకేసారి కోయించే ఏర్పాటూ కావాలి. లేకపోతే మిషను పెద్ద కమతాల చుట్టూనే తిరుగుతుంది.

పోయిన పని దినాలు

సర్కారు తలచుకుంటే చేతులకు పని పెట్టగలదు. 1955 డిసెంబరులో పునాదిరాయి పడిన నాగార్జునసాగర్‌ను రాతికట్టడంగా లేపింది వేలమంది కూలీల చేతులే. యంత్రాలు, సిమెంటు కరువైన రోజుల్లో మనుషుల మీద ఆధారపడిన నిర్ణయమది.

2005 ఉపాధి హామీ చట్టం ఇంటికి 100 రోజుల పని చెప్పింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం 125 రోజులంటోంది. అయితే విత్తే, కోసే కాలంలో మొత్తం 60 రోజులు ఆ పనులు నిలిపే వీలూ పెట్టింది. కూలీలు సాగుకు దొరకాలన్నది ఉద్దేశం. మిరప కోత ముమ్మరంగా సాగే ఊరికి అది సరిపోవచ్చు. మిషనుతో వరి కోసే ఊళ్లో అవే రోజులు పని ఆపితే కూలికి అటు కోతా లేదు, ఇటు సర్కారు పనీ లేదు! కాబట్టి విరామం రోజులను జిల్లా అంతటికీ ఒకే గాటన కట్టకుండా పంటను బట్టి, ఊరిని బట్టి నిర్ణయించాలి. కుడి కాలువ కింద పంట కాలువల పూడికతీత, మెరక చేలల్లో నీటి కుంటలు చేతులతో చేయదగ్గ పనులే.

గ్రామసభకు వెళ్లేముందు

రైతు సోదరులు ఒక కాగితం మీద మూడు లెక్కలు రాసుకుపోవాలి. మన ఊళ్లో ఏ పంటకు ఏ నెలలో ఎందరు కూలీలు కావాలి? ఏ పని మిషనుకు పోయింది? రాయితీ యంత్రాలు ఎవరి పేర ఉన్నాయి? ఈ మూడూ తీర్మానంలో ఎక్కించి మండల కార్యాలయానికి పంపండి. ఒక్కరు అడిగితే అర్జీ. ఊరంతా అడిగితే విధానం.