బండికి రెండవ బ్యాటరీ

మిర్చి కోతలు సాగు దినములలో, ముఖ్యముగా ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు, గుంటూరు యార్డునకు సరకు తోలుకొనిపోవు రైతులు తమ వంతు వచ్చువరకు రాత్రులు బండియొద్దనే గడుపుట పాఠకు లెఱిగినదే. ఆ యుక్కలో ఒక చిన్న ఫ్యాను, ఒక దీపము, సెల్ ఫోనులకు కొంత విద్యుత్తు, ఇంతకుమించి రైతు కోరునది లేదు. వీనిని ట్రాక్టరు బ్యాటరీ నుండియే తీసికొనుట పలుచోట్ల వాడుకయైనది. రాత్రి సుఖముగానే గడచును. తెల్లవాఱుజామున తాళపుచెవి త్రిప్పినపుడు మాత్రము ఇంజను టిక్కుమని యూరకుండును. వెనుకనున్న బండ్లవారు కేకలు వేయుచుండగా, సరకునిండిన ట్రాలీతో ట్రాక్టరును త్రోయుట నలుగురివలన నగు పని కాదు. వంతు తప్పును, పూటయు పోవును.

ఇందు బ్యాటరీ చేసిన తప్పేమియు లేదు. సీసపు పలకలను ఆసిడులో నుంచి విద్యుత్తును నిలువచేయు నుపాయమును 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. 1912లో అమెరికాయందు కాడిలాక్ కార్లకు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చినది మొదలు, ఇంజనును లేపు పని బ్యాటరీమీద పడినది. అంతకుముందు ఇనుప హాండిలు త్రిప్పి లేపెడివారు. ఈ పనికై చేసిన బ్యాటరీలో పలకలు పలుచనివి, సంఖ్యలో నెక్కువ. వందలకొలది ఆంపియర్లను కొన్ని క్షణములపాటు ఒక్కుమ్మడి నిచ్చి, వెంటనే మరల నిండుటకే యది తగియున్నది. రాత్రియంతయు కొంచెము కొంచెముగా పిండి అడుగంట తీసినచో పలకలపై తెల్లని గట్టి పొర పట్టును. ఇట్లు మాటిమాటికి జరిగినచో కొన్నియేండ్లు పనిచేయవలసిన బ్యాటరీ కొద్ది నెలలలోనే మూలబడును.

అమెరికాలో చిన్న ట్రక్కుల వెనుక తొట్టిపై పండుకొనుటకు గది నమర్చుకొని దేశసంచారము చేయువారు పెక్కురు కలరు. అట్టి బండిని ట్రక్ క్యాంపరందురు. వారును ఈ చిక్కునకే లోనై, ఇంజనుకొకటి, గదికొకటి చొప్పున రెండు బ్యాటరీలు పెట్టుకొనుట నేర్చిరి. రెండవదానికి వారు పెట్టిన పేరు ఇంటి బ్యాటరీ. మనకు వారి గదితోడను మంచముతోడను పనిలేదు గాని, వారి తీగెల పద్ధతి మన ట్రాక్టరునకును చిన్న గూడ్సుబండికిని సరిపోవును; ఏలయన ఇవియు అవియు సాధారణముగా 12 వోల్టులవే.

రెండవ బ్యాటరీ యనగానే మన మిస్త్రీలలో కొందఱు ప్లస్సునకు ప్లస్సును, మైనస్సునకు మైనస్సును తగిలించి, పని యైపోయినదందురు. ఇది పొరపాటు. అట్లు కలిపినచో రెండును ఒక్క చెఱువే యగును. రాత్రి రెండును కలిసియే యెండును. పైగా అందొకటి ముసలిదైనచో క్రొత్తదానిలోని విద్యుత్తును గూడ లాగివేయుచుండును. రెండవ బ్యాటరీ పెట్టుటలోని యుద్దేశము బలము పెంచుట కాదు, వేఱుపఱచుట. ఇంజను నడచుచున్నంతసేపు రెండును నిండవలెను. ఇంజను ఆగినపిమ్మట మొదటిదానిలోని చుక్కయైనను ఫ్యానునకు పోరాదు. బావిలోని మోటారు ఆగినపుడు పైపులోని నీరు వెనుకకు జాఱకుండ ఫుట్ వాల్వు పట్టియుంచునట్లు, ఇచ్చటను ఒక వాల్వు కావలెను.

ఆ వాల్వు మూడు విధములుగా దొరకును. మొదటిది చేతి స్విచ్చి. చవుక, కాని బడలి వచ్చిన మనిషి రాత్రి దానిని త్రిప్పుట మఱచును. రెండవది డయోడు. ఇది తనంతట పనిచేయునుగాని, సామాన్యమైన డయోడు తనలో ఇంచుమించు 0.7 వోల్టు మ్రింగివేయుటచే రెండవ బ్యాటరీ యెన్నడును పూర్తిగా నిండదు. మూడవది వోల్టేజిని కనిపెట్టు రిలే. ఇంజను లేచి మొదటి బ్యాటరీ వద్ద వోల్టేజి 13.3 ప్రాంతమునకు రాగానే రెంటిని కలుపును, 12.8 ప్రాంతమునకు దిగగానే విడదీయును. మా యభిప్రాయమున రైతునకు తగినది ఇదియే. తాళపుచెవితోనే కలియు మామూలు రిలేను పెట్టువారు కలరు. అందువలన స్టార్టరు తిరుగు క్షణమున రెండవ బ్యాటరీ నుండియు పెద్ద విద్యుత్తు సన్నని తీగెగుండ పరుగెత్తి ఫ్యూజు పోవును.

ఎంత బ్యాటరీ కావలెనో లెక్క వేసికొనవచ్చును. 24 వాట్ల ఫ్యాను 2 ఆంపియర్లు తీసికొనును. 8 గంటలకు 16 ఆంపియర్ గంటలు. 6 వాట్ల దీపము 5 గంటలకు రెండున్నర. మూడు ఫోనులకు నాలుగున్నర. వెరసి 23. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడరాదు గాన 50 ఆంపియర్ గంటలది కనీసము కావలెను. 75 అయినచో నిశ్చింత. ఇండ్లలో ఇన్వర్టరుకు పెట్టు లావుపలకల జాతిది, ట్యూబులరు బ్యాటరీ యనబడునది, ఈ పనికి మేలు. అయితే అది యెత్తును బరువును ఎక్కువ కలది. గతుకులలో కదలకుండ ఇనుపపట్టీతో బిగింపవలెను.

తీగె విషయమున లోభము కూడదు. బ్యాటరీ ఇంజనునకు 5 మీటర్ల దూరములో నున్నచో రాకపోకలు కలిసి 10 మీటర్ల తీగె. 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగెలో 30 ఆంపియర్లు ప్రవహించునపుడు సుమారు 1.3 వోల్టు దారిలోనే పోవును. మిస్త్రీలు డైనమో యని పిలుచు ఆల్టర్నేటరు 14.2 ఇచ్చినను రెండవ బ్యాటరీకి చేరునది 12.9 మాత్రమే, అది నిండుట మిక్కిలి ఆలస్యమగును. 16 చదరపు మిల్లీమీటర్ల తీగెలో ఈ నష్టము మూడవవంతు వోల్టునకు మించదు. తీగెకు రెండు కొనలయందును బ్యాటరీలున్నవి గాన, రెండు ప్లస్సులకును జానెడు దూరములో ఒక్కొక్క ఫ్యూజు ఉండితీరవలెను. ఒరిసి తోలు చిరిగిన తీగె ఛాసీకి తగిలినచో ఎఱ్ఱగా కాలును; ప్రక్కన ఎండుమిరప టిక్కీలున్నవని మఱువరాదు.

పెద్ద లారీల సంగతి వేఱు. వానిలో కనబడు రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు చేసినవి. అందేదియు ఇంటి బ్యాటరీ కాదు. వానిలో ఒక్కదానినుండి 12 వోల్టుల ఫ్యానునకు తీగె లాగుట తఱచు చూచుచున్నాము. ఆ యొక్కటి తఱుగుచుండ రెండవదానికి చార్జి మితిమీరి, కొంతకాలమునకు రెండును చెడును. లారీలో 24 వోల్టుల ఫ్యానైనను పెట్టవలెను, లేక 24 ను 12 చేయు కన్వర్టరైనను వాడవలెను.

చార్జి యగునపుడు బ్యాటరీ నుండి వెలువడు హైడ్రోజను మండు వాయువు. కావున పండుకొను చోట, మూసిన పెట్టెలో, గాలి లేని మూల దానిని ఉంచరాదు. దగ్గఱ బీడి కాల్చరాదు. ఆసిడు చింది గోనెసంచులపై బడినచో అవి చిల్లులు పడును. కంటిలో బడినచో ధారాళమైన నీటితో కనీసము పావుగంట కడిగి వైద్యునియొద్దకు పోవలెను. నీరు తగ్గినపుడు డిస్టిల్డు వాటరే పోయవలెను, బోరునీరు పనికిరాదు. విప్పునపుడు ముందు మైనస్సు, బిగించునపుడు చివర మైనస్సు.

యార్డులో రెండుమూడు రాత్రులు నిలువవలసినచో ఇంజను నడపక చార్జి చేయుటకు 100 వాట్ల సౌరఫలకము చాలును. మంచి యెండలో అది 5 ఆంపియర్లవఱకు ఇచ్చును గాన, ఒక రాత్రి వాడినది ఇంచుమించుగ ఒక పగటిలో తిరిగివచ్చును. ఫలకమునకును బ్యాటరీకిని నడుమ చార్జి కంట్రోలరు ఉండవలెను.

లిథియం బ్యాటరీలు తేలికయైనవి, ఎక్కువగా వాడుకొన వీలైనవి. కాని ఖాళీగా నున్నపుడు ఆల్టర్నేటరునుండి మితిమీరి లాగి దానిని కాల్చివేయగలవు. కొన్ని క్రొత్తబండ్లలో ఆల్టర్నేటరే కంప్యూటరు చెప్పినట్లు వోల్టేజిని తగ్గించుచుండుటచే పైన చెప్పిన రిలే సరిగా పనిచేయదు. ఈ రెంటికిని రిలేకు బదులు డీసీ-డీసీ చార్జరు కావలెను. బండి ఇంకను వారంటీలో నున్నచో తీగె ముట్టుటకు ముందే డీలరు నడుగుట మంచిది.

పని ముగిసిన తరువాత మిస్త్రీని పంపివేయక, ఒక మీటరు తెప్పించి మన కన్నులయెదుటనే చూపుమనవలెను. ఇంజను నడచునపుడు రెండు బ్యాటరీలవద్దను 13.8 మొదలు 14.4 వఱకు కనబడవలెను. ఇంజను నాపి, ఫ్యాను వేసి, గంట తరువాత చూచినచో రెండవదాని యంకె కొంత దిగియుండవలెను, మొదటిది 12.6 ప్రాంతముననే నిలిచియుండవలెను. రెండును సమముగా దిగినచో రిలే విడదీయుట లేదన్నమాట. కూలి యిచ్చుటకు ముందే దానిని సరిచేయింపవలెను.