పేరు తెలియని జబ్బుకు రెండవ సాక్షి

మన పల్లెలలో కొందరు పిల్లల జబ్బుకు పేరు ఉండదు. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటాడు. ఆరు నెలలు దాటినా మెడ నిలబడదు. ఏడాది దాటినా కూర్చోడు. ఆ తరువాత ఫిట్స్ మొదలౌతాయి. ఊరిలోని ఆర్.ఎమ్.పి. డాక్టరు దగ్గర మొదలుపెట్టి జిల్లా పెద్దాసుపత్రికి, అక్కడ నుండి హైదరాబాదుకో, వెల్లూరుకో తిరుగుతారు. ఉన్న అర ఎకరము తాకట్టుకు పోతుంది. సంచి నిండా కాగితములు పోగౌతాయి గాని, ఏ కాగితములోను జబ్బు పేరు ఉండదు. "ఇదేమిటో మాకు అంతు చిక్కడము లేదమ్మా" అన్న మాటతో తల్లి బిడ్డను భుజాన వేసుకొని తిరిగి వస్తుంది.

పేరు లేకపోతే నింద వచ్చి చేరుతుంది. కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదంటారు. ఎవరో చేతబడి చేశారంటారు. మన సంఘములలోనైతే ఆ ఇంటివారు ఏదో దాచిన పాపము ఉన్నదని గుసగుసలాడుతారు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు కూడ ఇదే ప్రశ్న వేశారు. ఇది ఎవరి పాపమని అడిగారు. ప్రభువు ఆ నిందను వాని మీద గాని, వాని కన్నవారి మీద గాని వేయలేదు. ఆ సంగతి చదివిన మనమే ఆ ప్రశ్నను ఇంకా వేస్తూ ఉండడము విచారకరము.

ప్రియ చదువరులారా, అంతు చిక్కని జబ్బులకు పేరు వెదకడానికి వైద్యులు ఒకరితో ఒకరు చేతులు కలిపి చేస్తున్న పనిని గురించి ఈ నెల వ్రాయాలని మేము తలంచాము. ఇది దూరదేశములలో మొదలైనదే. అయినా మన ఇంటి గడప వరకు వచ్చింది.

ఒక్క డాక్టరుకు ఎందుకు తెలియదు?

అరుదైన జబ్బులు ఒకటి రెండు కాదు. సుమారు 7,000 ఉంటాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగము జన్యువులలోని లోపము వలన వచ్చేవే. కొన్ని జబ్బులు ప్రపంచము మొత్తము మీద పది ఇరవై మందిలో మాత్రమే కనబడతాయి. నలభై ఏండ్లు వైద్యము చేసిన డాక్టరు కూడ అటువంటి రోగిని ఒక్కసారైనా చూచి ఉండకపోవచ్చును. కనుక "తెలియదు" అన్న డాక్టరు చేతగానివాడని అనుకోనక్కరలేదు. పుస్తకములో ఇంకా వ్రాయని జబ్బు ఆయన ఎదుట కూర్చుని ఉండవచ్చును.

అందుకే అమెరికాలోని బెథెస్డా అనే పట్టణములో, ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలో 2008లో ఒక కార్యక్రమము మొదలుపెట్టారు. ఎక్కడా పేరు దొరకని రోగులనే పిలవడము దాని పని. డాక్టర్ విలియం గాల్ దానిని నడిపించారు. కండరముల డాక్టరు, కంటి డాక్టరు, నరముల డాక్టరు, జన్యు శాస్త్రజ్ఞుడు అందరూ ఒకే వారములో ఒకే రోగిని చూచి, ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారు.

అక్కడికి వచ్చినవారిలో ఒకే తల్లి కన్న అయిదుగురు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు ఉన్నారు. నాలుగు అడుగులు వేస్తే కాళ్ళలో భరించలేని నొప్పి. తీసి చూస్తే కాళ్ళ రక్తనాళములలో సున్నము గట్టిగా పేరుకొని ఉన్నది. వారి తల్లిదండ్రులు ఆరోగ్యవంతులే, కాని ఒకరికొకరు దూరపు బంధువులు. ఈ సంగతే వైద్యులకు దారి చూపింది. ఒకే పూర్వీకుని లోపము తల్లి వైపు నుండి ఒకటి, తండ్రి వైపు నుండి ఒకటి, జంటగా పిల్లలకు చేరి ఉండవచ్చునని వెదికారు. ఎన్.టి.5.ఇ. అనే జన్యువులో లోపము దొరికింది. 2011లో ఈ సంగతిని ప్రచురించినప్పుడు ఆ అయిదుగురితో పాటు మరొక కుటుంబములోని ముగ్గురు, ఇంకొక కుటుంబములోని ఒకరు, మొత్తము 9 మంది లెక్కకు వచ్చారు. అంతవరకు పేరు లేని జబ్బుకు పేరు వచ్చింది.

ఇద్దరు ముగ్గురు సాక్షులు

ఆ రెండవ కుటుంబము, మూడవ కుటుంబము ఎందుకు అవసరమైనవో కొంచెము వివరిస్తాము. మనిషి శరీరములోని జన్యు వ్రాత సుమారు 300 కోట్ల అక్షరములు. ఒకరి వ్రాతకు, వైద్యులు సరిచూచుకోవడానికి పెట్టుకొన్న మాదిరి వ్రాతకు 40, 50 లక్షల చోట్ల తేడా ఉంటుంది. ఆ తేడాలలో చాలామట్టుకు హాని చేయవు. ఒక బిడ్డ రక్తము తీసి చదివితే అనుమానించదగిన తేడాలు ఎన్నో కనబడతాయి. దోషి ఏదో ఆ ఒక్క బిడ్డను చూచి చెప్పడము కష్టము. అదే జన్యువులో లోపము, అవే లక్షణములు ఉన్న మరొక బిడ్డ ఎక్కడైనా దొరికితే అప్పుడు మాట స్థిరపడుతుంది. ఏ సంగతికైనా ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలన్న నియమము మనకు తెలిసినదే. జన్యు శాస్త్రములో కూడ అదే నియమము.

మాథ్యూ మైట్ అనే అమెరికా దేశపు కంప్యూటర్ ప్రొఫెసరుకు ఈ కష్టమే ఎదురైనది. ఆయన కుమారునికి నడక లేదు, మాట లేదు, ఫిట్స్ వచ్చేవి. ఇంకొక వింత ఏమిటంటే, బిడ్డ ఏడ్చినా కన్నీళ్ళు వచ్చేవి కావు. 2012లో డ్యూక్ విశ్వవిద్యాలయము వారు తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి జన్యువులను చదివి ఎన్.జి.ఎల్.వై.1 అనే జన్యువు మీద అనుమానము పెట్టారు. అప్పటికి ఆ జబ్బుతో ప్రపంచములో తెలిసిన రోగి ఆ బాలుడొక్కడే. రెండవ సాక్షి లేడు. తండ్రి తన బిడ్డ లక్షణములన్నిటిని పూసగుచ్చినట్టు వ్రాసి, ఆ జన్యువు పేరు వెదికే ఎవరికైనా దొరికేలా ఇంటర్నెట్టులో పెట్టాడు. అది చదివి ఇతర కుటుంబములు, ఇతర వైద్యులు ముందుకు వచ్చారు. 2014 నాటికి 8 మంది రోగులను గూర్చి వైద్య పత్రికలో వ్రాయగలిగారు. కన్నీళ్ళు రాకపోవడము ఆ జబ్బుకు ముఖ్యమైన గుర్తులలో ఒకటైనది. ఆ బాలుడు 2020లో కన్నుమూశాడు. కాని అతని తరువాత పుట్టిన అటువంటి బిడ్డలకు జబ్బు పేరు తెలుసుకొనే దారి ఉన్నది.

ఒక తండ్రి చేసిన ఈ పనిని ఇప్పుడు వైద్యులు పద్ధతిగా చేస్తున్నారు. మ్యాచ్‌మేకర్ ఎక్స్‌ఛేంజ్ అనే ఏర్పాటు ఉన్నది. ఆ పేరుకు అర్థము పెండ్లి సంబంధాలు కుదిర్చేది అని. ఒక డాక్టరు రోగి పేరు చెప్పకుండ, అనుమానమున్న జన్యువును, లక్షణములను నమోదు చేస్తాడు. మరొక దేశపు డాక్టరు అదే జన్యువును నమోదు చేస్తే ఇద్దరికీ కబురు అందుతుంది.

ఎంతవరకు ఫలితము?

బెథెస్డాలో మొదలైన పనిని 2014లో మరి ఆరు కేంద్రములకు విస్తరించి ఒక నెట్‌వర్కుగా చేశారు. 2018లో వారు లెక్క చెప్పారు. 1,519 మంది రోగులు వారి దగ్గరకు వచ్చారు. వారిలో 601 మందిని తీసుకొన్నారు. అప్పటికి పరీక్షలు పూర్తయిన 382 మందిలో 132 మందికి జబ్బు పేరు దొరికింది. 31 కొత్త జబ్బులు బయటపడ్డాయి. పేరు దొరికినవారిలో అయిదింట ఒక వంతు మందికి మాత్రమే దాని వలన మందులో, చికిత్సలో మార్పు సూచించగలిగారు.

అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అక్కడ కూడ జవాబు దొరకలేదు. పేరు దొరికితే మందు దొరికినట్టు కాదు. ఈ నిజమును దాచి ఆశలు పెంచడము మాకు ఇష్టము లేదు. మరి పేరు వలన ప్రయోజనమేమి? అక్కరలేని పరీక్షలు, ఆసుపత్రుల చుట్టూ తిరగడము ఆగుతుంది. తరువాతి బిడ్డ విషయములో ముందే సలహా పొందవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, తల్లి మీద పడిన నింద తొలగుతుంది.

స్వీడన్ దేశములో ఒక దంపతులు పేరు తెలియని జబ్బుకు ముగ్గురు బిడ్డలను పోగొట్టుకొన్నారు. వారు పెద్ద కుమారుని పేరున విల్‌హెల్మ్ ఫౌండేషన్ స్థాపించి, అమెరికా వైద్యులతో కలిసి, అనేక దేశముల వైద్యులను ఒకచోట చేర్చే అంతర్జాతీయ నెట్‌వర్కుకు పునాది వేశారు. దాని మొదటి సమావేశము 2014లో రోము నగరములో జరిగింది.

మన దగ్గర

మన దేశములో ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. పరిశోధనా సంస్థ "గార్డియన్" అనే పేరుతో వైద్యులను, శాస్త్రజ్ఞులను కలిపింది. మన హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. సంస్థ పిల్లల అరుదైన జన్యు జబ్బులను వెదికే జాతీయ కార్యక్రమమునకు నాయకత్వము వహించింది. 2021లో కేంద్ర ప్రభుత్వము అరుదైన జబ్బుల విధానమును ప్రకటించినప్పుడు, సి.డి.ఎఫ్.డి.తో కలిసి నిమ్స్ ఆసుపత్రిని ఒక ప్రత్యేక కేంద్రముగా గుర్తించింది. ఆ విధానములో చేర్చిన జబ్బులకు 50 లక్షల రూపాయల వరకు సహాయమును 2022లో అనుమతించారు. ఆ డబ్బు రోగి చేతికి ఇవ్వరు, చికిత్స చేసే కేంద్రమునకు ఇస్తారు. ఇక్కడ కూడ జబ్బుకు పేరు ఉంటేనే సహాయము అడగడానికి వీలౌతుంది.

మనవారిలో మేనరికములు చాలాకాలముగా ఉన్నవి. మేనమామకు, మేనకోడలికి జన్యువులలో నాల్గవ వంతు ఉమ్మడిగా ఉంటుంది. బావామరదళ్ళకు ఎనిమిదవ వంతు. ఇద్దరిలోను ఒకే లోపము దాగి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశము నాలుగింట ఒకటి. మేనరికములో పుట్టిన పిల్లలలో ఎక్కువమంది ఆరోగ్యముగానే ఉంటారు. జబ్బు వచ్చినప్పుడు మాత్రము ఆ లోపము తల్లి నుండి సగము, తండ్రి నుండి సగము వచ్చినదే. కోడలి ఒక్కతె మీద వేలు చూపడానికి వీలు లేదు.

కుటుంబములు చేయవలసినవి

1. ప్రతి చీటీ, స్కానింగు, రక్తపరీక్ష కాగితము తేదీ వరుసలో ఒకే ఫైలులో పెట్టండి. పాతవని పారవేయవద్దు.

2. ఫిట్స్ వచ్చినప్పుడు, నడకలో తేడా కనబడినప్పుడు ఫోనులో వీడియో తీయండి. డాక్టరు దగ్గర బిడ్డ ఆ సమయానికి మామూలుగా ఉండవచ్చును.

3. మీరు గమనించిన చిన్న వింతలు కూడ చెప్పండి. చెమట పట్టకపోవడము, కన్నీళ్ళు రాకపోవడము, మూత్రము వాసనలో తేడా, నేర్చిన మాట మరచిపోవడము, ఇవి తల్లికే తెలుస్తాయి.

4. మూడు తరముల వంశవృక్షము వ్రాయండి. మేనరికము, పోయిన గర్భములు, పసితనములో పోయిన బిడ్డలు, ఏదీ దాచవద్దు. ఆడపిల్ల పెండ్లికి అడ్డమని దాచిన సంగతే డాక్టరుకు కావలసిన తాళపుచెవి కావచ్చును.

5. బిడ్డ దక్కడని తెలిసినప్పుడు, రక్తమును జన్యు పరీక్షకు భద్రపరచగలరా అని డాక్టరును అడగండి. ఇది అడగడము ఎంత కష్టమో మాకు తెలుసు. తరువాతి బిడ్డకు అది ఆధారము కావచ్చును.

6. పరిశోధనకు రక్తము ఇచ్చే ముందు అంగీకార పత్రమును చదివించుకొని వినండి. ఫలితము మీకు చెబుతారా, ఎప్పుడు చెబుతారు అని అడగండి.

సంఘములో ఇటువంటి కుటుంబము ఉంటే, వారిని ప్రశ్నలతో విసిగించకుండ, చదువుకొన్న యౌవనస్థుడు ఒకడు ఆ ఫైలు సిద్ధము చేసి పెట్టవచ్చును. ఆసుపత్రికి తోడు వెళ్ళవచ్చును. తల్లి ఊరిలో లేని దినమున పెద్ద పిల్లలకు అన్నము వండి పెట్టవచ్చును.

ఇంతగా శ్రమించినా మన బిడ్డకు జవాబు దొరకకపోవచ్చును. అయినా ఆ కాగితములు, ఆ రక్తపు బొట్టు వ్యర్థము కావు. మరొక దేశములో, మన భాష తెలియని తల్లి ఒకతె తన బిడ్డ జబ్బుకు రెండవ సాక్షి కొరకు ఎదురు చూస్తూ ఉండవచ్చును. ఆ సాక్షి మన ఊరి బిడ్డ కావచ్చును.