ఆత్మీయులను సాగనంపే వేళ: పెట్టె, వాహనం, సమాధి రాయి ఎంపికలో తెలుసుకోవలసిన సంగతులు



ఆసుపత్రి పత్రికలో సమాధుల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. వైద్యం ఎంత చేసినా కొందరు మన చేతుల్లోనే కన్నుమూస్తారు. ఆ తరువాతి ఇరవై నాలుగు గంటల్లో వారి కుటుంబం తీసుకునే నిర్ణయాలు కొన్నిసార్లు ఏళ్ళ తరబడి తీరని అప్పుగా మిగిలిపోతున్నాయి. ఇల్లాలిని పోగొట్టుకున్న మనిషి బేరం ఆడలేడు. తండ్రి పోయిన కొడుకు "ఎంతైనా ఫర్వాలేదు" అంటాడు. కాబట్టి ఈ సంగతులు నిబ్బరంగా ఉన్నప్పుడే ఒకసారి చదివి, ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది.

పాశ్చాత్య దేశాల్లో మృతదేహాన్ని ఆసుపత్రి నుండి తీసుకువెళ్ళింది మొదలు భూస్థాపన వరకు అన్నీ చూసే సంస్థలు ఉంటాయి. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో కూడా ఇలాంటివి వచ్చాయి. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాల్లో మాత్రం ఈ పని చాలావరకు సంఘం, బంధువులు, ఇరుగుపొరుగు కలిసి చేసేదే. పెట్టె ఒకరి దగ్గర, ఐసు పెట్టె మరొకరి దగ్గర, వాహనం ఇంకొకరి దగ్గర, గొయ్యి తవ్వేవారు వేరు, రాయి చెక్కేవారు వేరు. అందుచేత మనం ఒక్కరితో కాదు, ఐదారుగురితో మాట్లాడవలసి వస్తుంది.

మొదట కాగితాలు

మరణం ఆసుపత్రిలో జరిగితే ఆ సమాచారాన్ని రిజిస్ట్రారుకు పంపవలసిన బాధ్యత ఆసుపత్రిదే. ఇంట్లో జరిగితే ఇంటి పెద్ద తెలియజేయాలి. పట్టణంలో పురపాలక సంఘం, గ్రామంలో పంచాయతీ కార్యాలయం ఈ పని చూస్తాయి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల లోపు నమోదు చేయించాలి. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో చేస్తారు. ఆపైన ఏడాదిలోపు అయితే జిల్లా రిజిస్ట్రారు అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. వితంతు పింఛను, బ్యాంకు ఖాతా, బీమా, పొలం పాసుపుస్తకం అన్నిటికీ ఈ పత్రమే ఆధారం. 2023లో చేసిన సవరణతో, చికిత్స చేసిన వైద్యుడు మరణ కారణం తెలిపే ధ్రువపత్రాన్ని దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

ప్రమాదం, నీట మునగడం, పాముకాటు, ఆత్మహత్య, అనుమానాస్పద మరణం అయితే పోలీసులకు తెలియజేయకుండా భూస్థాపన చేయకూడదు. తొందరపడి సమాధి చేస్తే తరువాత తవ్వి తీయవలసిన దుస్థితి రావచ్చు.

నేత్రదానం చేయదలచిన వారు ఆరు గంటల లోపు కంటి బ్యాంకుకు కబురు చేయాలి. అంతవరకు కనురెప్పలు మూసి, పైన తడి దూది ఉంచి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టండి. కళ్ళజోడు వాడినవారు, షుగరు ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు.

ఐసు పెట్టె, వాహనం

దూరాన ఉన్న పిల్లల కొరకు దేహాన్ని ఉంచవలసి వస్తే ఐసు పెట్టె అద్దెకు తెస్తాము. అద్దె రోజుకా, గంటలకా, రానుపోను బండి ఖర్చు కలిపా అన్నది ముందే అడగండి. కరెంటు పోతే జనరేటరు ఎవరిదో కూడా తేల్చుకోండి. మరొక ముఖ్యమైన మాట: ఎర్తింగు ఉన్న ప్లగ్గుకే పెట్టె తగిలించండి. తడి నేల మీద, అతుకుల వైరుతో పెట్టిన ఇనుప పెట్టెను ఏడుస్తూ వాటేసుకునేవారికి షాకు కొట్టే ప్రమాదం ఉంది.

దేహాన్ని కడిగేవారు చేతి తొడుగులు వేసుకుని, తరువాత సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. అంతకుమించి భయం అవసరం లేదు. అంటువ్యాధితో మరణించినట్లయితే వైద్యుడు చెప్పిన జాగ్రత్తలు పాటించండి.

మన ప్రాంతం నుండి ఎందరో అక్కచెల్లెళ్ళు, తమ్ముళ్ళు గల్ఫు దేశాలకు పనికి వెళ్ళారు. అక్కడ మరణం జరిగితే ఏజెంటు మాట మీద డబ్బు పంపకండి. అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి. మరణ నమోదు, పాసుపోర్టు రద్దు, దేహం పంపడానికి అనుమతి పత్రాలు అక్కడే జరుగుతాయి. దిక్కులేని స్థితిలో ఉన్నవారికి 2009లో ఏర్పాటైన భారత సమాజ సంక్షేమ నిధి నుండి దేహం రప్పించే ఖర్చు భరించే అవకాశం ఉంది. విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. విమానంలో వచ్చే దేహానికి పాడవకుండా మందు ఎక్కించి, ఆ ధ్రువపత్రం జతచేస్తారు. దానిని భద్రపరచండి.

పెట్టె ఎంత ఖరీదుది?

పెట్టె కొన్ని గంటలే కంటికి కనబడుతుంది. ఆ తరువాత మట్టిలో కలిసిపోవడమే దాని పని. దుకాణంలో ముందు వరుసలో ఉన్న ఇత్తడి పిడుల పెట్టె చూపించి ధర చెబితే, "సాదా చెక్క పెట్టె ఎంత?" అని కూడా అడగండి. మీరు వెళ్ళకండి, ఇంటివారు కాని పెద్దమనిషిని, వీలైతే సంఘ పెద్దను పంపండి. ఆయన కళ్ళలో నీళ్ళు లేవు గనుక లెక్క సరిగా చూస్తాడు. అడుగు చెక్క గట్టిదనం, మేకులు, మోసే పిడులు బాగున్నాయో లేదో చూస్తే చాలు. దేహం పొడవుకు మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి. లేసు అల్లికలకు పేరుపొందిన ఊరు మనది. కొన్న ప్లాస్టిక్కు పూలదండల కంటే, ఆ తల్లి తన చేతితో అల్లిన లేసు గుడ్డ ఒకటి పైన కప్పితే అంతకంటే గౌరవం ఏముంది?

స్థలం, గొయ్యి

సమాధుల తోట ఏ సంఘానిదో, మీకు అక్కడ స్థలం ఉందో, కుటుంబ సమాధిని తిరిగి తెరవవచ్చునో, పైన కట్టడానికి అనుమతి ఉందో పాస్టరుగారిని లేదా పెద్దలను ముందుగా అడగండి. చాలా తోటలు నిండిపోయాయి. అనుమతి లేకుండా కట్టిన సమాధి అన్నదమ్ముల మధ్య, సంఘాల మధ్య తగవులకు కారణమౌతుంది.

డెల్టాలో నీరు పైకే ఉంటుంది. వానాకాలంలో, కాలువలు నిండుగా పారేటప్పుడు, ఆరడుగులు తవ్వాలని పట్టుబడితే గోతిలో నీరు ఊరుతుంది. తవ్వేవారి అనుభవానికి వదిలేయండి. లోతు తగ్గిన చోట పైన మట్టి ఎత్తుగా పోసి గట్టిగా తొక్కించాలి. తవ్వినవారి కూలి ఆ రోజే ఇచ్చివేయండి. ఆ పని చేసేవారిని బతిమాలించుకునే అలవాటు మనకు తగదు.

రాయికి తొందర లేదు

నలభయ్యో రోజుకల్లా రాయి నిలబెట్టాలని బంధువులు ఒత్తిడి చేస్తారు. మన ఒండ్రు మట్టి మీద అది మంచి పద్ధతి కాదు. తవ్వి పూడ్చిన మట్టి కుదుటపడడానికి నెలలు పడుతుంది. అంతలోపే కడితే ఒక పక్కకు ఒరిగి పలక పగులుతుంది. కనీసం ఒక వర్షాకాలం దాటనిచ్చి, మరుసటి వేసవిలో కట్టించుకోండి. పునాది పూడ్చిన మట్టి మీద కాక, గోతికి వెలుపల ఉన్న తవ్వని నేల మీద నాలుగు వైపులా నిలిచేటట్లు వేయించాలి.

సముద్రం దగ్గర గనుక ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. కాంక్రీటులో ఊచలు పైకి కనబడకుండా లోపల ఉండేటట్లు చూడండి. ఉప్పు ఇసుక, ఉప్పు నీరు వాడనివ్వకండి.

డెల్టాలో రాయి దొరకదు. అంతా పైనుండి వచ్చేదే. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుండి నల్లని గెలాక్సీ గ్రానైటు వస్తుంది. అది గట్టిది, నీరు పీల్చదు, అక్షరం నిలుస్తుంది. పాలరాయి తెల్లగా ముచ్చటగా ఉంటుంది గాని వానకు మెరుపు పోయి అక్షరాలు మసకబారతాయి. కడప రాయి చవక; తడికి పొరలు లేచే అవకాశం ఉంది.

బేరం చదరపు అడుగు లెక్కన జరుగుతుంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పలక 18 చదరపు అడుగులు. మందం మాట అక్కడే తప్పిపోతుంది. రెండు అంగుళాల మందమైతే ఆ గ్రానైటు పలక సుమారు 230 కిలోలు ఉంటుంది. 18 మిల్లీమీటర్ల పలక సుమారు 80 కిలోలే. రెండింటికీ ఒకే ధర చెప్పకూడదు కదా! పరిమాణం, మందం, రాయి రకం, అక్షరానికి ఎంత, రవాణా, అమర్చే కూలి, పగిలితే ఎవరిది బాధ్యత అన్నీ ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. మూడో వంతుకు మించి ముందుగా ఇవ్వకండి. ఆయన ఇదివరకు కట్టిన సమాధులు, ఐదారేళ్ళ పాతవి, స్వయంగా వెళ్ళి చూడండి. కొత్త రాయి అందరిదీ మెరుస్తుంది. పాత రాయే పనితనం చెబుతుంది.

అక్షరాలు రంగుతో రాయించడం కంటే చెక్కించడం మేలు. మచిలీపట్నంలో 17వ శతాబ్దపు డచ్చివారి సమాధుల మీద చెక్కిన రాత ఇప్పటికీ కనిపిస్తుంది. రంగు రాత నాలుగు వానలకు పోతుంది.

చెక్కకముందు కాగితం మీద రాసిన నమూనా తెప్పించుకుని ఇద్దరు పైకి చదవండి. ఒక వత్తు, ఒక దీర్ఘం తప్పితే రాతి మీద దిద్దలేము. పుట్టిన తేదీ విషయంలో జాగ్రత్త. పెద్దవారి ఆధార్ కార్డులలో చాలామందికి జనవరి 1 అని ఉజ్జాయింపుగా రాసి ఉంటుంది. సంఘపు బాప్తిస్మ పుస్తకం చూడండి, లేదా సంవత్సరం మాత్రమే వేయించండి.

అప్పు చేయవద్దు

శారా చనిపోయినప్పుడు అబ్రాహాము ముందు ఏడ్చాడు. ఆ తరువాత లేచి, హేతు కుమారుల ఎదుట మక్పేలా పొలానికి ధర మాట్లాడి, నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడు. దుఃఖం ఉంది, సాక్షులు ఉన్నారు, లెక్క తేలింది. మనకు కూడా ఆ క్రమమే మంచిది. ఏడవవలసినంత ఏడవండి. ధర మాత్రం సాక్షుల ఎదుట, చేతిలో ఉన్న డబ్బుతో తేల్చండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి పాలరాతి మండపం కడితే నెలకు మూడువేలు వడ్డీయే. ఏడాదికి 36 వేలు. అది మిగిలిన బిడ్డ కాలేజీ ఫీజు, మిగిలిన తల్లి మందుల ఖర్చు. ప్రతి సంఘంలో నెలకు కొద్దిగా వేసుకునే భూస్థాపన నిధి ఒకటి ఉంటే పేద కుటుంబాలకు ఎంతో ఊరట. లేనిచోట పెద్దలు ఆలోచించవలసిందిగా కోరుతున్నాము.

ఇంట్లో మిగిలినవారి ఆరోగ్యం

ఈ హడావిడిలో బి.పి., షుగరు మాత్రలు, ఇన్సులిన్ మానివేసి మూడోరోజుకు వార్డులో చేరేవారు ఉంటారు. ఇంట్లో ఒకరికి ఈ బాధ్యత అప్పగించండి: వేళకు మందు, నాలుగు ముద్దల అన్నం, మంచినీళ్ళు. దుఃఖం రోగం కాదు. నెలల తరబడి వచ్చి పోతూనే ఉంటుంది. అయితే వారాలు గడిచినా నిద్ర, ఆకలి లేకపోయినా, తాగుడు పట్టినా, "నేను కూడా వెళ్ళిపోతాను" అనే మాట వినిపించినా ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకురండి. వారిని ఒంటరిగా వదలకండి.

రాయి కట్టించడం ఒక రోజు పని. విధవరాలి ఇంటి తలుపు తట్టి, "వదినగారూ, మందు వేసుకున్నారా?" అని అడగడం ఏడాది పొడవునా చేయవలసిన పని. రెండవదానికి ఖర్చేమీ లేదు. దానిని మరచిపోకుందాము.