హబ్‌లో దాగిన డైనమో

పాత మౌంటెన్ బైక్‌ను ఎండావానల్లో ఆఫీసుకు తొక్కే బండిగా మార్చాలనుకునేవాళ్లు ముందు మడ్‌గార్డులు కొంటారు, తర్వాత గుబ్బల టైర్లు తీసేసి నున్నటివి వేయిస్తారు. నన్నడిగితే మొదట మార్చాల్సింది ముందు చక్రం నడుమ ఉన్న హబ్. డైనమో ఉన్న హబ్ తెచ్చి, దాని చుట్టూ మళ్లీ పుల్లలు అల్లించుకోవాలి.

డైనమో అనగానే గుర్తొచ్చేది టైరు పక్కన ఒరుసుకుంటూ తిరిగే సీసా ఆకారపుది. దాని చిన్న రోలరు చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు ముప్పై సార్లు తిరుగుతుంది. అంత వేగం ఉంది కనుకే అంత చిన్న ఒంటితో పని కానిస్తుంది. కానీ టైరు తడిస్తే రోలరు జారుతుంది. సరిగ్గా వానపడే రాత్రే లైటు ఉండదు!

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ కంపెనీ 1936లో డైనమోను హబ్‌లోపలికి చేర్చింది. జారే సమస్య తీరిపోయింది, కొత్త చిక్కు వచ్చిపడింది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే చక్రం సెకనుకు తిరిగేది రెండు చుట్లే. అంత మెల్లగా తిరిగేదాని నుంచి కరెంటు రాబట్టడం ఎలా?

నేటి హబ్‌లలో జరిగేది చెబుతాను. హబ్ లోపలి గోడకు అయస్కాంతాల వలయం ఉంటుంది. ఉత్తరం, దక్షిణం, మళ్లీ ఉత్తరం, ఇలా కొన్నింటిలో 28 ధ్రువాలు. కదలని ఇరుసు మీద ఒకే ఒక్క తీగచుట్ట. దాని రెండు పక్కల నుంచి ఇనుప గోళ్లు, రెండు చేతుల వేళ్లు ఒకదాని సందులో ఒకటి దూర్చినట్టు, ఎదురెదురుగా వచ్చి అమరుతాయి. ఎడమ గోళ్లన్నిటి ఎదుట ఉత్తర ధ్రువాలుంటే కుడి గోళ్లన్నిటి ఎదుట దక్షిణ ధ్రువాలుంటాయి. చక్రం ఒక్క ధ్రువమంత కదిలితే చాలు, అంతా తారుమారై చుట్టలోని అయస్కాంత ప్రవాహం దిశ మారిపోతుంది. అలా ఒక్క చుట్టులో 14 ఆవర్తనాలు వస్తాయి. ఇన్ని ధ్రువాలకూ కలిపి ఒకే చుట్ట సరిపోవడం నాకు ఎన్నిసార్లు విప్పి చూసినా ముచ్చటే.

నేను పాఠం చెప్పే తరగతిలో ఒకమ్మాయి అడిగింది: "సార్, దిగుడులో వేగం రెట్టింపైతే వోల్టేజీ కూడా రెట్టింపవుతుంది కదా, బల్బు మాడిపోదా?" రెట్టింపవుతుంది, నిజమే. కానీ కరెంటు దిశ మారే వేగమూ రెట్టింపవుతుంది. దిశ ఎంత తొందరగా మారితే తీగచుట్ట అంత ఎక్కువగా అడ్డుపడుతుంది. దాన్నే ప్రేరకత్వం అంటాం. తోసేదీ ఆపేదీ కలిసే పెరుగుతాయి కాబట్టి కరెంటు అర ఆంపియర్ దగ్గరే నిలబడిపోతుంది. పెద్ద జనరేటర్లలో వోల్టేజీని పడగొట్టే తలనొప్పి ఈ గుణమే. సైకిల్లో అదే కాపలాదారు, వేరే సర్క్యూటు అక్కర్లేదు.

దీనికో పక్క దెబ్బ కూడా ఉండేది. ముందు బల్బు పోతే ఆ అర ఆంపియరూ ఆంపియరులో పదోవంతుకే తయారైన వెనక బల్బు మీద పడి, అదీ మాడేది.

తర్వాతి కథ చకచకా సాగింది. 1990లలో జర్మనీలో ట్యూబింగెన్‌కు చెందిన విల్‌ఫ్రీడ్ ష్మిట్ హబ్‌లు, ఆపైన షిమానో కంపెనీవి వచ్చాయి. తర్వాత ఎల్‌ఈడీ. దానికి కావాల్సింది నిలకడైన కరెంటే, డైనమోకు వచ్చిన విద్యా అదే. బండి ఆగినా కాసేపు వెలిగించే పని కెపాసిటర్ చూసుకుంటుంది. మూడు వాట్ల వెలుగుకు కాలు పెట్టే అదనపు శ్రమ ఐదు వాట్ల చుట్టూ ఉంటుంది, మామూలుగా తొక్కేవాడు పెట్టేది వంద వాట్లు అనుకుంటే అదొక లెక్క కాదు.

పాత మౌంటెన్ బైకుల ముందు ఫోర్కు వెడల్పు 100 మిల్లీమీటర్లు. మామూలు డైనమో హబ్‌దీ అదే కొలత, కనుక ఫోర్కును కదపనక్కర్లేదు. రిమ్ బ్రేకుల సంగతి మాత్రం వేరు. వానలో మొదటి చుట్టు రిమ్ము మీది నీళ్లు తుడవడానికే పోతుంది, అందులో హబ్ చేయగలిగిందేమీ లేదు.